పెద్ద పాదాల వీరుడు

కాకోల దుర్గాన్ని దూరం నుంచి చూసినవాడు అది మాంత్రికుడి కోట అనుకోడు, ఏ మహారాజో ముచ్చటపడి కట్టించుకున్న విలాస మందిరం అనుకుంటాడు. కొండ నడుము చుట్టూ పాలరాతి మెట్లు, మెట్లకు రెండు పక్కలా పొగడచెట్లు, శిఖరం మీద పొద్దుటి ఎండకు పసిడిలా మెరిసే బురుజులు. బురుజుల కింద తాటిచెట్టు ఎత్తున తెల్లటి సున్నపు గోడ. ఆ గోడ నిండా బొమ్మలు. ఈటెలు పట్టినవాళ్లు, కత్తులు దూసినవాళ్లు, గుర్రాల మీద కూర్చున్నవాళ్లు, మొత్తం పదివేలమంది చిత్రసైనికులు వరుసలు తీరి నిలబడి ఉన్నారు. సన్నని నడుములు, వెడల్పాటి భుజాలు, తీర్చిదిద్దిన ముక్కులు. అందానికి ఏమీ లోటు లేదు కానీ, ఒక్కడికీ కళ్లు లేవు.

ఆ కళ్లు ఇవాళ మిట్టమధ్యాహ్నం పెట్టబోతున్నాడు మాంత్రికుడు శోణకంఠుడు. నగారా మోగగానే కుంచె ఎత్తుతాడు. కళ్లు పడ్డ బొమ్మ పడ్డట్టు గోడ దిగుతుంది. సూర్యాస్తమయం లోపల కొండ కిందున్న హరితపురంలో ప్రాణి అన్నది మిగలదు.

బొమ్మకు ప్రాణం పోసే జీవమషి అనే సిరాను తయారుచేసింది హరితపురపు ఆస్థాన చిత్రకారుడు విశ్వంభరాచార్యులు. ఆ మషితో గీసిన బొమ్మకు కింద పేరు రాసి, చివరగా కళ్లు పెడితే లేచి నడుస్తుంది. కళ్లు చెరిపేస్తే రంగునీళ్లయి కారిపోతుంది. ఇంకో నియమం కూడా ఉంది. గీత ఏ చేతిదో, బొమ్మ ఆ చేతి ఆజ్ఞే వింటుంది. ఈ సంగతి తెలిసిన శోణకంఠుడు నెల కిందట ఆచార్యులవారి కుడిచేతిని మణికట్టు దగ్గర నరికి, మషి కుండలతో సహా పట్టుకుపోయాడు. తన ఎడమచేతిని తానే తెగ్గోసుకుని, ఆ మొండికి ఈ చేతిని కుట్టుకున్నాడు. అంతటి పాపిష్ఠివాడు.

ఆ చేతిని తెస్తానని మాటిచ్చి బయలుదేరినవాడు ఆచార్యులవారి శిష్యుడు పింగళుడు. పన్నెండేళ్లు గురువు గీత మీద గీత దిద్దినవాడు. అతను వేసిన నెమలినీ గురువు వేసిన నెమలినీ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో రాజుగారు కూడా చెప్పలేకపోయారు. ఆ రోజు సభలో అతనికి ‘గురుచ్ఛాయ’ అన్న బిరుదూ, పట్టుశాలువా ఇచ్చారు. పాపం, ఆ బిరుదు చూసుకుని మురిసిపోయాడు. దాని వల్ల ఇవాళ ఎన్ని తలలు తెగబోతున్నాయో అతనికి అప్పుడేం తెలుసు!

అతనికి తోడు వచ్చింది దళనాయకురాలు రుద్రసాని. నలభై ఏళ్ల మనిషి, కుడి చెంప మీద పాత కత్తిగాటు, నోటికి అదుపు లేదు. ఆమె వెనక పన్నెండుమంది కత్తివీరులు.

"కుంచెలయ్యా, సూర్యుడు నెత్తి మీదికి రావడానికి ఇంకా రెండు గడియలే ఉంది. నీ సంచిలోవి బయటికి తీస్తావా, మేమే తలుపులు పగలగొట్టాలా?" అంది రుద్రసాని మహాద్వారం ముందు పొగడచెట్టు చాటున కూర్చుని.

"ఒక్క పులి చాలమ్మా. మా గురువుగారి పులిని చూసి సాక్షాత్తు రాజుగారే సింహాసనం దిగి పారిపోయారు," అన్నాడు పింగళుడు గర్వంగా.

ద్వారం ముందు, శోణకంఠుడు ముందే కళ్లు పెట్టి దించిన ఎనిమిదిమంది చిత్రభటులు కాపలా ఉన్నారు. పింగళుడు సంచిలోంచి జీవమషి ఉన్న ఆల్చిప్ప తీసి, చెట్టు పక్కనున్న నున్నటి బండ మీద కుంచె పెట్టాడు. చిత్రశాల పద్ధతి ప్రకారం తల దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చాడు. నుదుటి మీద మూడు చారలు, మీసాలు, మెడ వంపు, వెన్ను. పాదాల దగ్గరికి వచ్చేసరికి గుబురుగా గడ్డి గీశాడు. కింద ముత్యాల్లాంటి గుండ్రటి అక్షరాలతో ‘శార్దూలం’ అని రాశాడు. కళ్లు పెట్టాడు.

బండ గర్జించింది. పులి ఒక్క దూకుతో ద్వారం ముందు పడింది. మొదటి భటుడి తల గాలిలోకి లేచి, నెత్తురుకు బదులు ఇంగిలీకపు ఎర్రరంగు చిమ్ముకుంటూ మెట్ల మీద దొర్లింది. రెండోవాణ్ణి పంజాతో గోడకేసి కొట్టింది. రుద్రసాని కేక పెట్టి తన దళంతో దూకింది. చిత్రభటులకు నొప్పి తెలియదు. చెయ్యి తెగితే రెండో చేత్తో పోరాడతారు, అదీ తెగితే మీద పడి కరుస్తారు. వాళ్ల కళ్ల మీదే గురిపెట్టి అడ్డంగా కొడుతూ పోయింది రుద్రసాని దళం. ద్వారం ముందంతా ఎరుపూ పసుపూ నీలమూ కలిసి బురద అయింది.

అప్పుడు పైన బురుజు మీద ఎవరో నవ్వారు.

శోణకంఠుడు నిలబడి ఉన్నాడు. ఎర్రటి ఉత్తరీయం, మెడలో ఎముకల దండ, వెనక గోడ మీద ఒదిగి కూర్చున్న అతని పెంపుడు రాకాసి గద్ద. ఎడమ చెయ్యి పైకెత్తాడు. ఆ చెయ్యి ఒంటికి అతకని చెయ్యి. ముసలిది, ముడతలు పడ్డది, గోళ్ల సందుల్లో ఇంకా నీలిరంగు ఉన్నది. దాన్ని చూడగానే పింగళుడి గుండె చెరువైంది. పన్నెండేళ్లు తన చేతిని పట్టుకుని దిద్దించిన చెయ్యి అది.

ఆ చేతి వేళ్లు చిటిక వేశాయి. పులి గిరుక్కున వెనక్కి తిరిగింది.

తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. ముందు వరుసలో ఉన్న కత్తివీరుడు కొమరయ్య గొంతు పులి నోట్లోకి పోయింది. అతను కేక కూడా వెయ్యలేదు. పక్కవాడి కడుపు చీలింది. మూడోవాడు పారిపోబోతే వెన్ను విరిగింది. అయిదుగురు నిజమైన నెత్తురు కక్కుతూ రంగుల బురదలో పడ్డారు. రుద్రసాని పులి వీపు మీదికి దూకి, మెడకు కాళ్లు మెలేసి, దాని రెండు కళ్లలోకీ బాకు దింపి గీరేసింది. పులి రంగునీళ్లయి ఆమె ఒళ్లంతా తడిపేసింది.

"లోపలికి! లోపలికి!" అని అరిచింది. మిగిలిన ఏడుగురూ పింగళుణ్ణి లాక్కుంటూ ద్వారం దాటి, ఎడమ పక్కన కనిపించిన రంగుల కొట్టులోకి దూరారు. బయట భటుల అడుగుల చప్పుడు దగ్గరపడుతోంది. ఏడుగురూ నడవలో అడ్డంగా నిలబడ్డారు. రుద్రసాని పింగళుణ్ణి కొట్టులోకి తోసి, గొంతు మీద బాకు పెట్టింది.

"నిజం చెప్పు. వాడి దగ్గర ఏం తిన్నావు?"

"అమ్మా, మా గురువుగారి మీద ఒట్టు. నేను నా చేత్తోనే గీశాను. నువ్వు చూస్తూనే ఉన్నావు కదా!"

"చూశాను. నీ పులి వెళ్లి వాడి మాట వింది. అదీ చూశాను."

పింగళుడు ఆ బాకు కేసి చూడలేదు. తన కుడిచేతి కేసి చూసుకున్నాడు. నెమ్మదిగా అతని మొహంలో రంగు దిగిపోయింది.

"చెయ్యి నాదే కానీ గీత నాది కాదు," అన్నాడు. "ఆ వెన్ను వంపు ఆయనది. ఆ చారలు ఆయనవి. అక్షరాలు కూడా ఆయనవే. పన్నెండేళ్లు నేను ఆయన్నే గీశాను తప్ప నన్ను గీసుకోలేదు. బిరుదు ఇచ్చారని ఎగిరాను. ఆ అయిదుగుర్నీ నేనే చంపానమ్మా."

ఏడుస్తున్నాడు. రుద్రసాని బాకు దించింది కానీ జాలిపడలేదు.

"ఏడవడానికి తర్వాత ఊరూ వాడా కలిసి కూర్చుందాం. నీది అంటూ ఒక్క గీత లేదూ? ఒక్కటంటే ఒక్కటి?"

బొగ్గుముక్క తీసుకుని గోడ మీద గుర్రం గీశాడు.

"ఇది ఆయనదే. మా సేనాపతి డాలు మీద ఉంది," అంది రుద్రసాని.

ఏనుగు గీశాడు.

"ఇదీ ఆయనదే."

కత్తి పట్టిన వీరుణ్ణి గీశాడు. నడవలో ఎవరో చావుకేక పెట్టారు. రుద్రసాని తలుపు కేసి ఒకసారి, గోడ కేసి ఒకసారి చూసి చిరాకుపడింది.

"ఇదీ ఆయనదే! అది సరేగాని, నీ బొమ్మలన్నిటికీ పాదాలు దాస్తావేంటి? పులికి గడ్డి కప్పావు, గుర్రానికి దుమ్ము, ఏనుగుకు బురద. వీడికేమో నేల దాకా పంచె. పాదాలు గియ్యడం రాదా నీకు?"

పింగళుడి చేతిలో బొగ్గు ఆగిపోయింది.

పాదాలు గియ్యడం అతనికి రాక కాదు. పదేళ్ల వయసులో చిత్రశాలకు వచ్చిన మొదటి రోజు ఏదైనా గియ్యమంటే తండ్రిని గీశాడు. తండ్రి మారయ్య ఉప్పు మోసేవాడు. సముద్రం ఒడ్డు నుంచి కావడిలో ఉప్పు వేసుకుని కనుమలు ఎక్కి అమ్ముకొచ్చేవాడు. మోసి మోసి కుడిభుజం కిందికి దిగిపోయింది, చిన్నప్పుడెప్పుడో రాయి తగిలి ముక్కు పక్కకు వంగింది. పాదాలు మాత్రం, అబ్బో, చేటలంత. వేళ్లు విడివిడిగా, మడమలు పగుళ్లు తేలి ఉండేవి. అంత బరువుతో ఆ రాళ్ల మీద జారకుండా నిలబెట్టింది ఆ పాదాలే. ఒక వానాకాలం కనుమ విరిగిపడి మారయ్య పోయాడు. ఆ పాదాలనే గీశాడు పిల్లవాడు. ఆచార్యులవారు బొటనవేలు నాలుకతో తడి చేసుకుని, ఆ పాదాల్ని తుడిచేశారు. "వీరుడికి ఇలాంటి పాదాలు ఉండవు నాయనా," అన్నారు, కోపంగా కూడా కాదు. ఎన్నిసార్లు గీసినా అదే బొటనవేలు వచ్చి తుడిచింది. చెయ్యి మాట వినక పాదాల దగ్గర వెడల్పుకు పోతుంటే, పింగళుడు గడ్డి కప్పడం నేర్చుకున్నాడు. బొమ్మ నచ్చితే గురువుగారు వేలి కణుపుతో పలక మీద రెండుసార్లు తట్టేవారు. ఆ తట్టు కోసం పన్నెండేళ్లు గడ్డి కప్పాడు.

"మషి ఎంత ఉంది?" అంది రుద్రసాని.

ఆల్చిప్పలో అడుగున ఉంది. రంగు నింపడానికి చాలదు, ఒక్క గీతకు సరిపోతుందేమో.

నడవలో కత్తుల చప్పుడు ఆగిపోయింది. అంటే ఏడుగురూ పోయారన్నమాట. తలుపు మీద మొదటి గొడ్డలి దెబ్బ పడింది.

"నేను తలుపు చూసుకుంటా. నువ్వు పాదాలు చూసుకో," అంది రుద్రసాని.

పింగళుడు నేల మీద చతికిలబడ్డాడు. చిత్రశాలలో ఎవరూ ఎన్నడూ చెయ్యని పని చేశాడు. తల దగ్గర కాక, కింద పాదాల దగ్గర మొదలుపెట్టాడు. గోడా నేలా కలిసే చోట ఒక మడమ, దాని పగుళ్లు, ఒక్కొక్క వేలూ. చెయ్యి మొదట అలవాటుగా గడ్డి గియ్యబోయింది. రెండో పాదానికి వచ్చేసరికి ఆ అలవాటు మరిచి, ఆకలిగా ఉన్నవాడు అన్నం మీద పడ్డట్టు పడింది. పిక్కల మీద నరాలు. మోకాళ్లకు ఎగ్గట్టిన పంచె.

తలుపు చెక్క ఊడింది. లోపలికి వచ్చిన చేతిని రుద్రసాని మోచేతి దాకా తెగనరికింది. ఇంకో చెక్క ఊడింది. ఈటె ఒకటి దూసుకొచ్చి ఆమె ఎడమ చెవిని ఎత్తుకుపోయింది. "తొందరగా కానీ!" అని అరిచింది, మెడ మీదుగా నెత్తురు కారుతుండగా.

దిగిపోయిన కుడిభుజం. భుజం మీద కావడి బద్ద, రెండు చివరలా ఉప్పు బుట్టలు. వంగిన ముక్కు. పింగళుడు బల్ల ఎక్కి నుదురు ముగించాడు. రెండు నిలువుల మనిషి అయ్యాడు. రంగు లేదు, సున్నపు గోడ తెలుపే ఒంటి రంగు, అచ్చం ఉప్పులాగే. బల్ల దిగి పేరు రాశాడు. ముత్యాల అక్షరాలు రాలేదు. బరువెత్తుకుని ఎగువకు నడిచేవాడిలా ముందుకు వంగిన అక్షరాలు వచ్చాయి. ‘మారయ్య.’

తలుపు కూలింది. రుద్రసాని వెల్లకిలా పడింది. ఆమె గుండె మీదికి మూడు ఈటెలు ఒకేసారి లేచాయి. పింగళుడు మళ్లీ బల్ల మీదికి ఎగిరి ఆల్చిప్పలో వేలు ముంచి, రెండు కళ్లూ పెట్టాడు. ఒకటి కొంచెం పెద్దది అయింది. దిద్దలేదు.

గోడలోంచి కావడి బద్ద బయటికి వచ్చింది. ముగ్గురు భటుల తలలూ ఒకే దెబ్బకు పుచ్చకాయల్లా పగిలాయి.

మారయ్య కిందికి దిగి, పింగళుడి కేసి వంగి చూశాడు. ఇది నాన్న కాదని పింగళుడికి తెలుసు. అయినా రెండు చేతులూ జోడించాడు.

"ఎక్కడికి మొయ్యాలి?" అన్నాడు మారయ్య. గరుకు గొంతు.

"పైకి," అన్నాడు పింగళుడు.

ఇక చూడాలి! నడవ ఇరుకు, కావడి పొడుగు, అయినా మారయ్య దాన్ని రోకలిలా నిటారుగా పట్టి దంచుకుంటూ పోయాడు. మెట్ల మీద భటులు గుంపుగా ఎదురొచ్చారు. వెడల్పాటి పాదం ఒకటి ముందువాడి రొమ్ము మీద పడింది. వాడు వెనకవాడి మీద, వాడు ఇంకొకడి మీద పడి మెట్ల కింద రంగుల మడుగు కట్టింది. ఉప్పు బుట్ట ఒకటి గిరగిర తిరిగి నలుగురి దవడలు ఊడగొట్టింది. పడ్డవాళ్ల కళ్లు గీరుతూ వెనకే వచ్చింది రుద్రసాని, తెగిన చెవికి పైటకొంగు కట్టుకుని, చచ్చిన తన మనుషుల పేర్లు ఒక్కొక్కటే గట్టిగా పిలుస్తూ.

వాళ్లు బురుజు ఎక్కేసరికి నగారా మోగింది.

శోణకంఠుడు గోడ అంచున తాళ్ల ఉయ్యాల మీద వేలాడుతూ కళ్లు పెడుతున్నాడు. అప్పటికే నలభైమంది గోడ దిగి ఈటెలు ఎత్తారు. మారయ్యను చూసి మాంత్రికుడు ఉయ్యాల మీంచి బురుజు మీదికి దూకి చిటిక వేశాడు. మారయ్య ఆగలేదు. ఇంకోసారి వేశాడు. మారయ్య తుమ్మి, ఇంకో అడుగు వేశాడు.

"ఏంట్రా ఈ వికారం? ఎవడి గీత ఇది?" అని అరిచాడు శోణకంఠుడు.

"నాది," అన్నాడు పింగళుడు.

మాంత్రికుడు కుడిచేత్తో కత్తి దూసి పింగళుడి మెడ మీదికి విసిరాడు. పింగళుడు వంగాడు, కత్తి భుజం కోసుకుంటూ పోయింది. అదే క్షణంలో కావడి బద్ద దిగింది. ఎడమ ముంజేయి ఎండుకట్టెలా విరిగింది, కుట్లు పటపట తెగాయి. ముసలి చెయ్యి ఎగిరి రాళ్ల మీద పడింది. శోణకంఠుడు దుర్గం దద్దరిల్లేలా అరిచి, నెత్తురు ధారగా కారుతుండగా గద్ద వీపు మీద పడ్డాడు. గద్ద లేచింది.

"సంబరపడకండ్రా! ఆ ముసలాడికి ఇంకో చెయ్యి ఉంది!" అని పైనుంచి అరిచి, గద్దను హరితపురం వైపు తిప్పాడు.

"గురువుగారు ఒక్కరే ఉన్నారు," అన్నాడు పింగళుడు. "ఆ గద్ద కంటే ముందు దిగాలి. మారయ్యా, మమ్మల్ని ఎత్తుకో!"

మారయ్య కదలలేదు. తన పాదం కేసి చూసుకుంటున్నాడు.

ముసలి చెయ్యి వేళ్ల మీద పాకుకుంటూ వచ్చి అతని కుడి పాదం ఎక్కింది. నేల మీది నెత్తురులో బొటనవేలు తడి చేసుకుంది. తుడుస్తోంది! చిటికెన వేలు అప్పటికే లేదు. దాని పక్క వేలు సగం పోయింది. కుట్టిన మాంత్రికుడు వదిలేసినా, పన్నెండేళ్ల అలవాటు దాన్ని వదల్లేదు.

రుద్రసాని కత్తి ఎత్తింది. "వద్దమ్మా!" అని పింగళుడు మోకాళ్ల మీద పడి, ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. జన్మలో ఎప్పుడూ గురువు చేతిని ఆపి ఎరగడు. అది గింజుకుంది, గోళ్లతో అతని అరచెయ్యి చీరింది.

"గురువుగారూ," అన్నాడు. పట్టు వదల్లేదు. "అది తప్పు కాదండీ. అది నాది. మీరు నేర్పిన చేత్తోనే గీశాను. తుడవకండి."

నలభైమంది చిత్రసైనికులు ఈటెలు ఎత్తిన చోటే ఆగి ఆ చేతి కేసి చూస్తున్నారు. అది ఏం చెబితే అది చేస్తారు.

చెయ్యి గింజుకోవడం మానింది. పింగళుడు మెల్లగా వదిలాడు. అది మళ్లీ ఆ పాదం ఎక్కింది. సగం పోయిన వేలిని తడిమింది, పగిలిన మడమ దాకా వెళ్లి వచ్చింది. గుడ్డివాడు ఎదుటివాడి మొహం తడిమినట్టు అంతా తడిమింది. తర్వాత వేళ్లు ముడిచి, కణుపుతో మారయ్య బొటనవేలి గోరు మీద రెండుసార్లు తట్టింది.

నలభై ఈటెలు నేలకు దిగాయి.

పింగళుడికి ఏడవడానికి కూడా వ్యవధి లేదు. ఆ చేతిని రొమ్ముకు హత్తుకుని ఒక బుట్టలోకి దూకాడు. రెండో బుట్టలోకి రుద్రసాని దూకి, "నీ బొమ్మ కాళ్లు నిలబెడతాయా కుంచెలయ్యా, కింద పడేస్తాయా?" అంది.

మారయ్య కావడిని దిగిపోయిన భుజానికి ఎత్తుకున్నాడు. పైన గద్ద నీడ అప్పుడే సగం కొండ దాటింది. కింద పాలరాతి మెట్లు నెత్తురుతో రంగుతో జారుడుబండలా ఉన్నాయి. ఏ సన్నపాటి అందగాడైనా మొదటి మెట్టు మీదే మెడ విరుచుకునేవాడు. మారయ్య తొమ్మిది వేళ్లూ విప్పి నేలను పట్టి, ఆ చేటలంత పాదాలతో గద్ద నీడ వెంట పరుగు తీశాడు.